పార్టీ మహాసభలో ప్రచార స్టాల్‌కి మడత కిట్: ఏది పనికొస్తుంది, ఏది మోత బరువు

చక్రాల పెట్టెలో మడిచి పట్టుకెళ్లే స్టాల్ కిట్లు చాలా కంపెనీలు అమ్ముతున్నాయి. పేర్లు వేరైనా పెట్టె మూత తీస్తే ఇంచుమించు ఒకటే సరుకు: గుడ్డ బ్యాక్‌డ్రాప్ (స్టాల్ వెనక నిలబెట్టే తెర) ఒకటి, రోలప్ స్టాండీలు (అడుగుపెట్టెలోకి చుట్టుకుపోయే నిలువు బ్యానర్లు) రెండు, మడత కౌంటర్ ఒకటి, కరపత్రాల స్టాండు ఒకటి, బ్యాక్‌డ్రాప్ పైఅంచుకి తగిలించే లైట్లు రెండు. అన్నీ వాణిజ్య ప్రదర్శనలను మనసులో పెట్టుకుని చేసినవే. వీటినే పార్టీ మహాసభలో ప్రచార స్టాల్‌కి వాడితే ఎలా ఉంటుందో ఈ రివ్యూలో చూద్దాం. ఇక్కడ ప్రచారం అంటే ఓట్లు అడగడం కాదు. ఒక డిమాండుకో, ఒక చట్ట సవరణకో ఆ పార్టీ ప్రతినిధుల, చట్టసభ సభ్యుల మద్దతు కూడగట్టడానికి సంఘాలు, స్వచ్ఛంద సంస్థలు పెట్టుకునే స్టాల్ గురించి మాట్లాడుతున్నాం.

వాణిజ్య ప్రదర్శనకి జనం స్టాళ్లు చూడటానికే వస్తారు. మహాసభకి ఉపన్యాసాలకీ, తీర్మానాలకీ, పాత పరిచయస్తులను కలవడానికీ వస్తారు; స్టాళ్లు దారిలో తగులుతాయంతే. ఒక హాల్లోంచి ఇంకో హాల్లోకి పరుగులో ఉన్న మనిషి ఇచ్చేది మహా అయితే ఒక నిమిషం. కాబట్టి కిట్‌లో ఒక్కో వస్తువునూ ఒకే లెక్కన తూచాం: నడిచిపోతున్న ప్రతినిధికీ సంతకాల కాగితానికీ మధ్య దూరాన్ని ఇది తగ్గిస్తోందా, పెంచుతోందా?

ముందు స్థలం సంగతి. నిర్వాహకులు సాధారణంగా ఇచ్చే స్టాల్ 3 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల లోతు ఉంటుంది. మూడు వైపులా అల్యూమినియం స్తంభాల మధ్య బిగించిన పలకలు, ఎత్తు రెండున్నర మీటర్లు. పలక వెడల్పు మీటరని ప్లానులో రాస్తారు గానీ స్తంభాలు పోగా కనిపించేది 95 సెం.మీ. చిల్లర. సరిగ్గా మీటరు పోస్టరు ప్రింట్ చేయించుకెళ్తే అంచులు స్తంభం మీదికెక్కి లేచి నిలబడతాయి. మేకులు, స్క్రూలు ఎక్కడా ఒప్పుకోరు. డబుల్‌సైడ్ టేపు జిగురు పలకకి మిగిలిపోతే ఆ ఖర్చు మీ బిల్లులోకి వస్తుంది. బుక్ చేసేటప్పుడే ఒక మాట అడగండి: పలకలు నున్నటి లామినేటా, గుడ్డ అతికించినవా? గుడ్డ పలకకి వెల్క్రో గరుకు పట్టీ ఒక్కటి చాలు. లామినేట్‌కి రెండు పట్టీలూ కావాలి, పైగా తీసేటప్పుడు జిగురు ఊడొచ్చే రకమే వాడాలి. ఏదో తెలియనప్పుడు పలక పైఅంచుకి కొక్కేలు తగిలించి వేలాడదీయడం అన్నిటికన్నా క్షేమం.

బ్యాక్‌డ్రాప్

కిట్‌లో డబ్బుకి తగ్గ పని చేసే వస్తువు ఇదే. అడ్డంగా మూడు, నిలువుగా మూడు గళ్ల కత్తెర ఫ్రేము, విప్పితే ఇంచుమించు 225 సెం.మీ. చదరం, లోతు 30 సెం.మీ. వరకు. గుడ్డ ఫ్రేముకి వెల్క్రోతో అంటుకునే ఉంటుంది కనుక ఫ్రేము విప్పితే బొమ్మ దానంతటదే పరుచుకుంటుంది. పాత రకాల్లోలా అయస్కాంతపు పట్టీలు బిగించి, ప్లాస్టిక్ షీట్లు ఒక్కొక్కటే వేలాడదీసే బాధ లేదు. ఇద్దరుంటే అయిదు నిమిషాల పని. ఒక్కరే ఉన్నా నిలబెట్టవచ్చు. కాకపోతే గుడ్డ ఎక్కడో కత్తెర కీలులో ఇరుక్కుంటుంది, అది చూసుకోకుండా లాగితే చిరుగుతుంది. ఒకరు ఫ్రేము పైకెత్తుతుంటే రెండోవారు గుడ్డని వెలుపలికి లాగి పట్టుకోవడమే పద్ధతి.

ఫ్రేము విరిగేది నిలబెట్టేటప్పుడు కాదు, చివరిరోజు మడిచేటప్పుడు. మధ్యలో ఉండే ప్లాస్టిక్ లాకుల్లో ఒక్కటి వదలకపోయినా ఫ్రేము మూసుకోదు. అందరికీ ఇంటికెళ్లే తొందర, కాస్త బలం చూపిస్తారు, కీలు పుటుక్కుమంటుంది. లాకులు ఎన్నున్నాయో లెక్కపెట్టి పెట్టె మూత లోపల రాసి అంటించండి. మూసేముందు అన్నీ వదిలాయో లేదో ఆ లెక్కతో సరిచూసుకోవాలి. విడి కీళ్లు నాలుగు, గొట్టం ఒకటి పెట్టెలో పడుంటే మంచిది. ఒక కీలు పోయినా ఫ్రేము నిలబడుతుంది గానీ ఆ మూల గుడ్డ సంచిలా వేలాడుతుంది.

ముడతలు ఇంకో సమస్య. పాలియెస్టర్ గుడ్డ కదా ముడతపడదని అమ్మేవాళ్లు చెబుతారు. వారాల తరబడి మడిచి ఉంచితే తప్పకుండా పడుతుంది. చిన్న ముడతలు రాత్రంతా ఫ్రేము మీద బిగువుగా ఉంటే పోతాయి, గట్టి మడతలకి ఆవిరి పట్టే స్టీమర్ కావాలి. ఇస్త్రీపెట్టె మాత్రం వద్దు, గుడ్డ కాలి మెరుపు మరక పడుతుంది. ఇక్కడో మెలిక ఉంది: స్టాల్‌లో కరెంటు చాలాసార్లు ప్రారంభం రోజు ఉదయం దాకా ఇవ్వరు. కాబట్టి స్టీమింగ్ బయలుదేరేముందే చేసి, గుడ్డని ఫ్రేము నుంచి తీసేసి గొట్టం మీద చుట్టి పట్టుకెళ్లడం మేలు. ముదురు నీలం, నలుపు రంగు నేపథ్యంగా ఉన్న డిజైన్లలో ప్రతి గీతా కనబడుతుంది, లేత రంగుల్లో అంత తెలియదు.

డిజైన్ విషయంలో ఎక్కువమంది చేసే పొరపాటు, గుడ్డ మొత్తాన్ని అక్షరాలతో నింపడం. స్టాల్‌లో ఇద్దరు నిలబడితే దిగువ సగం ఎవరికీ కనిపించదు. చెప్పాల్సినదంతా పైనున్న 70 సెం.మీ.లో పట్టాలి. దూరం నుంచి చదవడానికి ఒక మోటు లెక్క ఉంది: ప్రతి 3 మీటర్ల దూరానికి అక్షరం ఎత్తు రెండున్నర సెం.మీ. ఆరు మీటర్ల అవతలి నడవలోంచి చదవాలంటే కనీసం 5 సెం.మీ. ఒత్తులు, గుణింతాలు ఉన్న లిపికి ఇంకాస్త కలుపుకోవాలి, వరుసల మధ్య ఖాళీ కూడా పెంచాలి. పెద్దక్షరాల్లో రాయాల్సింది సంస్థ పేరు కాదు, డిమాండు; అయిదారు మాటలకి మించకుండా. సంస్థ పేరు స్టాల్ నెత్తిన నిర్వాహకులు పెట్టే పట్టీ మీద ఎలాగూ ఉంటుంది.

మీ సంస్థ ఏ పార్టీకీ చెందనిదైతే సంవత్సరం, మహాసభ పేరు, పార్టీ రంగులు ఏవీ గుడ్డ మీద పడనివ్వకండి. ఈ నెల ఒక పార్టీ మహాసభలో నిలబెట్టిన బ్యాక్‌డ్రాప్ వచ్చే నెల దాని ప్రత్యర్థి మహాసభలో నిలబడాలి. ఒక పార్టీ రంగుకి దగ్గరగా ఉన్న గుడ్డని ఇంకో పార్టీ నడవలో పెడితే మొదటి పది నిమిషాలు ఆ రంగు గురించే సంజాయిషీ చెప్పుకోవాలి.

కొనేముందు మంట అంటుకోని గుడ్డ అన్న సర్టిఫికెట్ కాపీ అడిగి తీసుకోండి. జర్మనీ ప్రమాణం డీఐఎన్ 4102 ప్రకారం బీ1, లేదా అమెరికా ప్రమాణం ఎన్‌ఎఫ్‌పీఏ 701 అని ఉంటుంది. సెట్టింగ్ రోజు, అంటే స్టాళ్లు అమర్చుకునే రోజు, భద్రతా తనిఖీలో ఆ కాగితం అడుగుతారు. కంపెనీకి ఫోన్ చేసి తెప్పించుకునేసరికి పూట గడిచిపోతుంది. కొత్త గుడ్డ మాత్రమే మార్పించుకున్నవాళ్లు పాత సర్టిఫికెట్ చూపిస్తే చెల్లదు.

స్టాండీలు

85 సెం.మీ. వెడల్పు, 2 మీటర్ల ఎత్తు. కిట్లతో వచ్చే స్టాండీలు సాధారణంగా చవకరకం. అడుగుపెట్టెలో స్ప్రింగు, మూడు ముక్కల కర్ర, పైన పట్టీ. అడుగుపెట్టె కింద కాళ్లు రెండూ అడ్డంగా తిప్పకుండా నిలబెడితే నిలుస్తుంది కూడా, ఎవరి సంచో తగిలేదాకా. ఇంకో ప్రమాదం పైపట్టీ చేయి జారడం. స్ప్రింగు బిగువుకి బ్యానరు మొత్తం పెట్టెలోకి వెళ్లిపోయిందంటే విప్పి స్ప్రింగు మళ్లీ చుట్టాలి, ఆ పని స్టాల్‌లో కాదు. దింపేటప్పుడు ఒకరు పట్టీ పట్టుకుని కిందిదాకా చేత్తో తీసుకెళ్లాలి. 

బ్యానరు మెటీరియల్ ఏదో అడగండి. మామూలు వినైల్ అయితే కొన్నాళ్లకి రెండు పక్కలా అంచులు లోపలికి ముడుచుకుంటాయి. పాలియెస్టర్ ఫిల్మ్ వెనకవైపు బూడిదరంగు పూతతో ఉంటుంది, ఖరీదు కాస్త ఎక్కువ, చదునుగా నిలుస్తుంది, వెనక లైటు కూడా తెలియదు.

రెండు స్టాండీలు ఎక్కువే. బ్యాక్‌డ్రాప్‌ని ఒక మూలకి జరిపితే 3 మీటర్లలో 75 సెం.మీ. మిగులుతుంది. 85 సెం.మీ. స్టాండీ ఒకటి ఆ సందుకి అడ్డంగా పెడితే సరిగ్గా మూసుకుంటుంది. వెనక కరపత్రాల పెట్టెలు, కోట్లు, నీళ్ల సీసాలు దాచుకోవచ్చు. రెండోది స్టాల్ ముందు నడవలో పెడదామనుకుంటారు. నడవలోకి ఒక్క అంగుళం వచ్చినా నిర్వాహకులు లోపలికి తోయిస్తారు, తోయించడం న్యాయమే కూడా. రెండోది పెట్టెలో వదిలేసి రండి. దాచిన సంచుల గురించి ఒక హెచ్చరిక: మహాసభల్లో మనిషి లేని సంచి కనిపిస్తే భద్రతా సిబ్బంది తీసుకుపోతారు. స్టాల్ ఖాళీగా వదిలి భోజనానికి వెళ్లేవాళ్లు సంచులు వెంట తీసుకెళ్లాల్సిందే.

కౌంటర్, కరపత్రాల స్టాండు, లైట్లు

కౌంటర్ చూడ్డానికి బాగుంటుంది, అరమీటరు లోతు, మీటరు ఎత్తు, లోపల అర. అసలు చిక్కు దీంతోనే. కిట్ కంపెనీల ఫొటోల్లో అది స్టాల్ ముందుభాగంలో మధ్యన ఉంటుంది, వెనక నవ్వుతూ ఒకమ్మాయి. ఆ ఫొటో చూసి అలాగే పెడితే స్టాల్‌కి గోడ కట్టినట్టే. వాలంటీరు వెనక్కి చేరతాడు, మోచేతులు ఆనిస్తాడు, ఫోను తీస్తాడు. ప్రతినిధి అటు చూడకుండానే దాటిపోతాడు. కౌంటర్‌ని పక్క పలకకి ఆనించి, పొడుగు అంచు పలకవైపు ఉండేలా తిప్పండి. స్టాల్ నోరు మొత్తం తెరుచుకుంటుంది, వాలంటీర్లకి దాక్కునే చోటుండదు. కౌంటర్ అప్పుడు అది చేయాల్సిన పనే చేస్తుంది: రాసుకోవడానికి బల్ల, కింద స్టాకు.

పైపలక రెండు ముక్కల ఎండీఎఫ్ (చెక్కపొట్టు నొక్కి చేసిన పలక), మధ్యలో కీలు. కంపెనీ చెప్పే బరువు సమంగా పరిచిన బరువు, ఒకచోట మోపిన మోచేయి కాదు. బ్యాడ్జి మిషను (గుండ్రటి పిన్ను బ్యాడ్జీలు చేసేది) లాంటిది దీనిమీద పెట్టి నొక్కితే కీలు దగ్గర కుంగుతుంది. దానికి మామూలు మడత బల్ల వేరే అద్దెకు తీసుకోవడం ఉత్తమం.

కరపత్రాల స్టాండు గురించి చెప్పడానికి పెద్దగా లేదు. తెచ్చుకోకండి. చేతికిచ్చిన కరపత్రం తీసుకుంటారు, స్టాండులోది తీసేది పక్క స్టాల్ వాళ్లు. అక్రిలిక్ అరలు రవాణాలో పగులుతాయి కూడా. కరపత్రాల బరువు మాత్రం ముందే లెక్కేసుకోవాలి: 130 జీఎస్ఎం (చదరపు మీటరుకి ఇన్ని గ్రాములని) కాగితం మీద ఏ5 సైజు ఒక్కొక్కటి 4 గ్రాములు, అంటే వెయ్యికి 4 కిలోలు. 170 జీఎస్ఎంకి వెళ్తే వెయ్యికి 5 కిలోలు దాటుతుంది. పెట్టెకి రెండు వేలు మించితే మెట్లమీద మోసేవాళ్లు తిట్టుకుంటారు.

లైట్లు ఎల్‌ఈడీ అయితే ఉంచుకోండి, పాత హాలోజెన్ రకమైతే గుడ్డ దగ్గర పెట్టనే వద్దు. వాటికోసమే కరెంటు పాయింటు విడిగా డబ్బు కట్టి తీసుకోవడం దండగ. హాలు వెలుతురు సరిపోతుంది.

కిట్‌లో లేనివి, కానీ స్టాల్‌ని నడిపేవి

బ్యాడ్జి మిషను. నడిచిపోతున్న మనిషిని ఆపే వస్తువు మరొకటి లేదు. ‘మీ నియోజకవర్గం పేరుతో బ్యాడ్జి చేసిస్తాం, అరనిమిషం’ అంటే ఆగుతారు, ఆ అరనిమిషంలో మీ మాట పూర్తవుతుంది. 58 మి.మీ. సైజు తీసుకోండి. 25 మి.మీ. ముద్దుగా ఉంటుంది గానీ దానిమీద నాలుగు మాటలు పట్టవు, చిన్న భాగాలు తొందరలో వేళ్లకి దొరకవు.

పని ఇలా సాగుతుంది. మొదటి అచ్చులో లోహపు మూకుడు బోర్లించి, దానిమీద ప్రింటు చేసిన కాగితం, ఆపైన పారదర్శక ఫిల్మ్ పెట్టి మీట నొక్కాలి. మూడూ పై అచ్చులోకి ఎక్కిపోతాయి. రెండో అచ్చులో పిన్ను ఉన్న అడుగు బిళ్ల పెట్టి, పళ్లెం తిప్పి మళ్లీ నొక్కితే అంచు లోపలికి మడిచి బ్యాడ్జి బయటికొస్తుంది. పిన్ను సరిగ్గా అడ్డంగా, బొమ్మ తలవైపు సగంలో ఉండాలి. కిందకుంటే బ్యాడ్జి తలకిందులుగా వాలిపోతుంది. అచ్చుల పక్కన పళ్లెం మీద మార్కరుతో చిన్న గీత పెట్టుకుంటే కాగితం తల ఎటో, పిన్ను ఎటో వెతుక్కోనక్కర్లేదు.

ఎక్కడ ఆగిపోతుందంటే: మూకుళ్లు రెండు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి, చూడకుండా పెడితే పై అచ్చు బిగుసుకుపోతుంది. ఫిల్ములూ అంతే, రెండు కలిసి వస్తే అంచు మడవదు. కాగితం 90 నుంచి 100 జీఎస్ఎం ఉండాలి. ఫొటో కాగితం లాంటి మందపాటిది మడత తీసుకోదు, బలవంతంగా నొక్కితే మీట వంగుతుంది. 58 మి.మీ. బ్యాడ్జికి కాగితం చుట్టు ఇంచుమించు 70 మి.మీ. ఉండాలి, అంచు వెనక్కి మడవాలి కనుక. మీ మిషనుకి సరైన కొలత దానితోపాటు వచ్చే కటరుదే. కాగితాలు ముందే గుండ్రంగా కత్తిరించుకెళ్లండి. భద్రతా వలయంలోకి కటర్లు, కత్తెర్లు రానివ్వకపోవచ్చు. మూకుళ్లూ ఫిల్ములూ ముందురోజు సాయంత్రం విడదీసి వేర్వేరు డబ్బాల్లో పెట్టుకుంటే రద్దీలో ఒక చేత్తోనే పని నడుస్తుంది.

సంతకాలకి కాగితమా, ట్యాబా అన్నది ఎప్పుడూ ఉండే వాదన. మా ఓటు కాగితానికే, అయితే పది గీతల జాబితాకి కాదు. జాబితా పలక మీద ముందు సంతకం పెట్టినవాళ్ల పేరు, ఈమెయిలు తర్వాతవాళ్లకి కనబడతాయి. యూరప్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం జీడీపీఆర్ 9వ అధికరణ రాజకీయ అభిప్రాయాన్ని ప్రత్యేక రక్షణ కావాల్సిన సమాచారాల్లో చేర్చింది. ఆ చట్టం వర్తించని చోట కూడా ఒక పార్టీ ప్రతినిధి దేనికి మద్దతిచ్చాడో మరొకరికి తెలియాల్సిన అవసరం లేదు. మనిషికి ఒక చీటీ పెట్టండి, ఏ6 సైజు చాలు. పేరు, నియోజకవర్గం, ఈమెయిలు, ‘మళ్లీ సమాచారం పంపవచ్చు’ అన్న గడి. ఆ గడిలో టిక్కు ముందే ప్రింటు చేసి ఉండకూడదు. నిండిన చీటీ తాళం ఉన్న డబ్బాలో పడాలి. ఈమెయిలు కోసం అక్షరానికో గడి గీయించండి, లేకపోతే ఇంటికెళ్లాక ఒకటికీ ఎల్‌కీ, సున్నాకీ ఓకీ తేడా తెలియక సగం చీటీలు వృథా. చీటీ ఇచ్చి మనిషి వెళ్లకముందే వాలంటీరు ఈమెయిలు ఒకసారి పైకి చదివితే ఈ గొడవే ఉండదు.

ట్యాబు తప్పదనుకుంటే ఆఫ్‌లైన్‌లో దాచుకునే ఫారం యాప్ వాడండి. విరామ సమయంలో వేల ఫోన్లు ఒకేసారి తెరుచుకుంటాయి, హాలు వైఫైతో పాటు మొబైల్ డేటా కూడా చతికిలబడుతుంది. మీకు జనం వచ్చేదీ సరిగ్గా అప్పుడే. ట్యాబుని ఒకే యాప్‌కి కట్టేసే సెట్టింగ్ (ఐప్యాడ్‌లో గైడెడ్ యాక్సెస్, ఆండ్రాయిడ్‌లో యాప్ పిన్నింగ్) పెట్టకపోతే ఎవరో ఫారం మూసి ఈమెయిళ్లు తెరుస్తారు. స్క్రీన్ ఆరిపోయే సమయం పెంచుకోవాలి. 20,000 ఎంఏహెచ్ పవర్‌బ్యాంకు లెక్కకి 74 వాట్ అవర్లు. మార్పిడిలో పోయేది పోగా పది అంగుళాల ట్యాబుని రెండుసార్లు పూర్తిగా నింపడం కష్టం. రోజంతా వెలుగుతూ ఉండే రెండు ట్యాబులకి రెండు పవర్‌బ్యాంకులు పెట్టుకోండి.

ఇంకొకటి, ప్రతిజ్ఞ పలక. 5 మి.మీ. ఫోమ్‌బోర్డు మీద ‘ఈ డిమాండుకి నా మద్దతు’ అన్న ఒకే వాక్యం, ఏ2 సైజు. చట్టసభ సభ్యుడు పలక పట్టుకుని ఫొటో దిగితే వంద సంతకాల విలువ. అయితే వాళ్లు నడవలో వెళ్తూ యథాలాపంగా ఆగరు, వాళ్ల సహాయకులు ఆపితే ఆగుతారు. రెండు వారాల ముందు ఆఫీసుకి ఈమెయిలు పంపి, స్టాల్ నంబరు, ‘రెండు నిమిషాలు చాలు’ అన్న మాట రాసి, రోజు, పూట రెండు మూడు ఎంపికలు ఇవ్వాలి. మహాసభ ఉదయం సహాయకుడికే గుర్తుచేయాలి. పలక నున్నగా మెరిసే లామినేషన్‌తో వద్దు, ఫ్లాష్ పడి అక్షరాలు తెల్లబోతాయి. ఫొటో ఎక్కడ వాడతారో దిగేముందే చెప్పాలి, అదే సాయంత్రం సహాయకుడికి పంపాలి. మర్నాడు పంపితే ఆ ఫొటో వాళ్లు ఎక్కడా పెట్టుకోరు.

మనుషులు

ఎంత మంచి కిట్ అయినా స్టాల్‌లో కుర్చీ వేస్తే పోయినట్టే. కుర్చీలు స్టాల్ ప్యాకేజీలో కలిపి ఇస్తారు. వాటిని స్టాండీ వెనక దాచేయండి. అలసట తీర్చుకోవడానికి చిన్న షిఫ్టులే సరైన మార్గం. నిలబడి మాట్లాడే పనికి రెండు గంటలు గరిష్ఠం. మూడో గంటకి గొంతు, కాళ్లు, మొహం మూడూ తెలిసిపోతాయి. మామూలు వేళల్లో ఇద్దరు, విరామాల్లో ముగ్గురు. ఒకరు ఆపేవారు, ఒకరు మాట్లాడేవారు, ఒకరు మిషను దగ్గర. ఆరుబయట స్టాళ్లలోలా ఆరుగురు గుంపుగా నిలబడితే బయటివాళ్లు దగ్గరికి రారు.

షిఫ్టులు గడియారం చూసి కాదు, సభా కార్యక్రమం చూసి వేయాలి. ముఖ్య నాయకుడి ఉపన్యాసం ఉన్నప్పుడు నడవలో పిల్లి కూడా ఉండదు, అప్పుడే భోజనాలు ముగించాలి. ఉపన్యాసం ముగిసిన మొదటి పదిహేను నిమిషాలు జనం తోసుకొస్తారు గానీ ఆగరు, అప్పుడు చేతికి కరపత్రం మాత్రమే. ఆ ఉరవడి తగ్గాక వచ్చే అరగంట అసలైన సమయం. ఉదయం తలుపులు తెరిచే ముందు వరుసలో నిలబడ్డవాళ్లు కూడా మాటలకి దొరుకుతారు. ఆఖరిరోజు మధ్యాహ్నానికి ప్రతినిధులు రైళ్లకి వెళ్లిపోతారు, ఆ పూటకి అనుభవం ఉన్నవాళ్లను పెట్టి వృథా చేయకండి.

మొదటి మాట అవును, కాదు అని తేల్చేసే ప్రశ్న కాకూడదు. ‘ఒక్క నిమిషం ఉందా?’ అంటే లేదనే వస్తుంది. మెడలో పాసు చూసి, ఊరో నియోజకవర్గమో ఉంటే దాంతో మొదలుపెట్టండి. పాసు రంగు చూడటం నేర్పాలి: ప్రతినిధి, పత్రికలు, స్టాళ్లవాళ్లు, సిబ్బంది అని రంగులు వేరుగా ఉంటాయి. పత్రిక పాసుతో మాట్లాడాల్సింది బాధ్యుడు, వాలంటీరు కాదు. పాసులు తిరగబడి వేలాడుతుంటాయి. అలాంటప్పుడు ‘ఎక్కడి నుంచి వచ్చారు?’ సరిపోతుంది. వాదనకి దిగేవాళ్లు రోజుకి ఒకరిద్దరు తగులుతారు. రెండు వాక్యాల్లో సమాధానం చెప్పి, వివరాలున్న కాగితం చేతిలో పెట్టి, పక్కవారివైపు తిరగాలి. ఆయన్ని ఒప్పించే ప్రయత్నంలో పదిమంది దాటిపోతారు.

లోపలికి, బయటికి

పాసులకి ఫొటో, గుర్తింపు కార్డు వివరాలు వారాల ముందే అడుగుతారు, గడువు దాటితే వాలంటీరు గేటు బయటే. స్టాల్‌కి ఇన్ని పాసులని పరిమితి ఉంటుంది. షిఫ్టుకొకరు చొప్పున వేరేవాళ్లను తీసుకొద్దామంటే కుదరదు, ఎందుకంటే పాసు ఒకరి పేరు మీద ఉంటుంది, చేతులు మారదు. అదనపు పాసుల ఖర్చు ముందే బడ్జెట్‌లో పెట్టుకోవాలి. పంచే కాగితాలన్నీ ముందుగా చూపించి అనుమతి తీసుకోవాలన్న నియమం కొన్ని పార్టీలకి ఉంది. పార్టీ అంతర్గత ఎన్నికల్లో ఎవరి పేరూ మీ స్టాల్ మీద కనపడకూడదు, వాలంటీరు చొక్కా మీద బ్యాడ్జి రూపంలో కూడా.

సెట్టింగ్ ముగిశాక హాలుని భద్రతా సిబ్బంది జల్లెడ పడతారు. ఆ తర్వాత పెట్టెలు, పనిముట్లు లోపలికి తేవడం దాదాపు అసాధ్యం. కరపత్రాలు, టేపు, విడి కీళ్లు, పవర్‌బ్యాంకులు, నేలమీద తీగ కప్పే పట్టీ, అన్నీ సెట్టింగ్ రోజే లోపల ఉండాలి. ఎక్స్‌టెన్షన్ బోర్డులో ఇంకో ఎక్స్‌టెన్షన్ గుచ్చితే తనిఖీలో తీయిస్తారు, పొడుగుది ఒకటే తెచ్చుకోండి.

ప్రకటించిన సమయానికి ముందు స్టాల్ విప్పడం చాలాచోట్ల నిషేధం. విప్పే అనుమతి రాగానే అందరూ ఒకేసారి లిఫ్టుల దగ్గర చేరతారు. ముందు సంతకాల డబ్బా, ట్యాబులు బాధ్యుడి చేతిలోకి వెళ్లాలి, తర్వాతే ఫ్రేము. గుడ్డని నేలమీద పరిచి మడవకండి, హాలు కార్పెట్ మురికంతా ఎక్కుతుంది. నిలబడ్డ ఫ్రేము మీంచే ఇద్దరూ వెల్క్రో ఊడదీసి గొట్టానికి చుట్టాలి.

కొనాలా, అద్దెకు తీసుకోవాలా? ఏడాదికి ఒక్క మహాసభ అయితే బ్యాక్‌డ్రాప్ ఫ్రేము అద్దెకు తీసుకుని గుడ్డ మాత్రం ప్రింట్ చేయించుకోండి. రెండు మూడు పార్టీల మహాసభలకి వెళ్లే సంస్థ అయితే పూర్తి కిట్ వద్దు. బ్యాక్‌డ్రాప్, స్టాండీ ఒకటి, కౌంటర్ విడివిడిగా కొని, మిగిలిన డబ్బు బ్యాడ్జి మిషనుకి పెట్టండి. ఫ్రేము కొనేటప్పుడు విడి కీళ్లు అమ్ముతారా, అదే ఫ్రేముకి సరిపడే గుడ్డ కొత్తగా చేయించుకోవచ్చా అని రాతపూర్వకంగా అడగండి. రెండింటిలో దేనికైనా సూటిగా జవాబు రాకపోతే వేరే కంపెనీ చూసుకోండి.